నాలుగు ముక్కుల రేడియేటర్

రేడియేటర్ మీద తెల్ల పెయింటుతో ఒక పేరు రాసి ఉంది.

గంగులప్ప. కుప్పం. 18-2-21.

ఏ.ఎస్.ఐ. మునికృష్ణ ఆ పేరు చదివాడు. మళ్లీ చదివాడు. చేతిలో ఉన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

గంగులప్ప కనబడకుండా పోయింది సరిగ్గా ఆ రోజే.

అది 2024 నవంబర్ 15, శుక్రవారం. ఉదయం 10:20. మదనపల్లెలో దస్తగిరి సాయిబు రేడియేటర్లు అతికే అంగడి. మునికృష్ణ ఆ పూట డ్యూటీ మీద వచ్చినవాడు కాదు. అల్లుడు చైతన్య పోరు పడలేక వచ్చాడు. ఆ అల్లుడికి పుంగనూరులో సెల్‌ఫోన్ల అంగడి. ఉన్న మోటారు సైకిలు చాల్లేదేమో, 1996 మోడల్ జర్మనీ కారొకటి పాతది కొన్నాడు. గొప్పింటి కారే. తోలు సీట్లు. తలుపేస్తే చప్పుడుండదు. రేడియేటర్‌కే చిల్లి. పుంగనూరు నుంచి మదనపల్లెకు వచ్చేలోపల మూడు చోట్ల ఆపి నీళ్లు పోశారు.

"కారు కొన్నావా, ఆవును కొన్నావా అల్లుడా? ఊరూరా నీళ్లు తాపాల్సి వస్తాండాదే" అన్నాడు మునికృష్ణ దారిలో.

అంగట్లో దస్తగిరి రెండు రేడియేటర్లు ముందు పెట్టాడు. డెబ్బై దాటిన మనిషి. చేతులనిండా సీసం మచ్చలు.

"ఇది అల్యూమినియంది. తేలిక. మన బోరు నీళ్లు పోస్తే రెండేండ్లు బతుకుతాది. ఇది రాగిది. బరువు. అతుకులేసుకుంటా నడుపుకోవచ్చు. రెండూ నీ కారుకు పనికిరావు."

"యాల?" అన్నాడు చైతన్య.

"ముక్కులు లెక్కపెట్టు." పైపులు తగిలించే గొట్టాల మీద వేలు పెట్టాడు దస్తగిరి.

"రెండు."

"నీది ఆటోమేటిక్ గేరు. నాలుగుండాల. నీళ్లకు రెండు, గేరు ఆయిలుకు రెండు. చూసేదానికి అన్నీ ఒకటే మాదిరి ఉంటాయప్పా. ముక్కుల కాడనే మోసపోయేది."

"నాలుగుండేది లేదా?"

"ఒకటే ఉండాది. అది నాది కాదు. ఒకాయప్ప ఇచ్చిపోయింది."

చైతన్య స్టూలెక్కి అటక మీద నుంచి దాన్ని దించాడు. గుడ్డతో దుమ్ము తుడిచాడు. ఆ దుమ్ము కింద నుంచి బయటపడింది, ఆ పేరు.

"ఈయన దీన్ని ఎన్ని గంటలకు ఇచ్చినాడు?" అన్నాడు మునికృష్ణ.

"పదీ పదింబావు. కుప్పం నుంచి ఫస్ట్ బస్సుకు వచ్చినాడు. సంచిలో మోసుకోని."

"బస్సులోనా? కారుండగా?"

దస్తగిరి నవ్వాడు. "రేడియేటర్ సంచిలో ఉంటే కారెట్లా నడుస్తాది సార్?"

మునికృష్ణ నవ్వలేదు.

"మళ్లా రాలేదా?"

"సోమవారం వస్తానన్నాడు. రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. అంతలోనే కరోనా రెండోసారి వచ్చె. ఆ ఏడాది సామాన్లిచ్చి రానోళ్లు ఆరుమంది ఉండారు సార్ నాకు. ఈయన గూడా పోయినాడేమో అనుకున్నా. అమ్మేదానికి మనసు రాలేదు."

ఇక్కడ ఆ పాత కేసు సంగతి చెప్పుకోవాలి.

గంగులప్పది కుప్పం దగ్గర శాంతిపురం వైపు. యాభై ఆరేళ్లు. గ్రానైట్ క్వారీ ఉండేది. అందులో బావమరిది మునిశేఖర్ భాగస్తుడు. గంగులప్పకూ ఇట్లాంటి జర్మనీ కారే ఉండేది. దాని బానెట్ మీద వేరేవాళ్లను చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. కారు క్వారీ షెడ్డులోనే పెట్టుకునేవాడు. 2021 ఫిబ్రవరి 18, గురువారం, కారూ లేదు, మనిషీ లేడు. భార్య వెంకటలక్ష్మమ్మ కంప్లైంట్ ఇచ్చింది. రాసుకున్నది మునికృష్ణే. అప్పుడతను స్టేషన్ రైటర్.

మునిశేఖర్ స్టేట్‌మెంట్ ఇట్లా ఉంది: "మా బావ సాయంత్రం 4:10కి క్వారీ షెడ్డు నుంచి తన కారులో బయలుదేరి బెంగళూరు వైపు వెళ్లాడు. నేను కళ్లారా చూశాను."

ఫైల్లో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పొద్దున గంగులప్ప బట్టల సంచితో మదనపల్లెకు బస్సులో వెళ్లి, మధ్యాహ్నానికి వట్టి చేతులతో తిరిగి వచ్చాడని. బట్టలు ముందు చేరవేసి, మనిషి తర్వాత పోయాడని అందరూ అనుకున్నారు. మదనపల్లెలో ఎవరో ఆడమనిషి ఉందన్నారు. ఉందని ఒకరన్నాక చూశామని ఇద్దరన్నారు. మూడున్నరేళ్లుగా ఆ మాట వెంకటలక్ష్మమ్మ నెత్తిన ఉంది. పెళ్లికి పోతే ఆమె పక్కన కుర్చీ ఖాళీగా ఉంచి గుసగుసలాడేవాళ్లు. ఆమె పెళ్లిళ్లకు పోవడం మానేసింది.

"సాయిబూ, ఇది లేకుండా ఆ కారు బెంగళూరుకు పోతుందా?"

"స్టార్టయితాది సార్. గేరేస్తే ఆయిలంతా నేల పాలు. క్వారీ గేటు గూడా దాటదు."

"వేరేది బిగించుకోని ఉంటే?"

"నాలుగు ముక్కులది ఈ చుట్టుపక్కల యాడుండాది? ఆయప్ప నెల దినాలు తిరిగినాడు. పుంగనూరులో ఎల్లమ్మ అంగట్లో గూడా చూసినానన్నాడు. పోయి అడగండి."

మధ్యాహ్నం 12:40. పుంగనూరు. ఎల్లమ్మది పాత ఇనుప సామాన్ల అంగడి. ఆమె నోట్లో ఆకువక్క, చుట్టూ తుప్పు.

"గంగులప్ప? కుప్పమాయన? వచ్చినాడు. ఒక రేడియేటర్ పట్టుకోని గంటసేపు చూసినాడు. పెండ్లిచూపుల్లో గూడా అంతసేపు చూడరు."

"కొన్నాడా?"

"యాడ కొన్నాడు. ముక్కులు తక్కువన్నాడు. నా ముక్కు సూసి కొనుక్కోప్పా అన్నా. నవ్వి పోయినాడు." ఎల్లమ్మ మూలకు చెయ్యి చూపించింది. "అదో, అట్లే పడుండాది. పెండ్లి కాని పిల్ల మాదిరి."

మునికృష్ణ వంగి చూశాడు. రెండే ముక్కులు.

లేచి నిలబడ్డాడు. 

ఆ కారు బెంగళూరుకు పోలేదు. ఎక్కడికీ పోలేదు. మరి ఎక్కడుంది?

అక్కడి నుంచే సి.ఐ. యమునకు ఫోన్ చేశాడు. ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "క్వారీలో గుంత ఎంత లోతుంటుంది?"

"ఎనభై అడుగులు మేడం. తవ్వడం ఆపేసిన పాత గుంత, అప్పటినుంచీ నిండా నీళ్లే."

శనివారం ఉదయం 8:30. శాంతిపురం దగ్గర వెంకటలక్ష్మమ్మ ఇల్లు. ఆమె చింతపండు పిక్కలు తీస్తోంది. తమ్ముడు మునిశేఖర్ వాకిట్లోనే ఉన్నాడు. రోజూ వస్తాడట. కూరగాయలు తెస్తాడు, మందులు తెస్తాడు. ఊళ్లో అందరూ అట్లాంటి తమ్ముడుండాలంటారు.

"ఇంకా రెండు నెల్లకు రిటైరంటనే సార్. పాత ఫైళ్లు యాల మీకు?" అన్నాడు మునిశేఖర్ నవ్వుతూ.

"ముగించి పోదామనప్పా. ఆ పొద్దు కారు బాగుండిందా? రిపేరేమన్నా?"

"రిపేరా? గుర్రం మాదిరి ఉండె. ఒక్క సెల్ఫుకే స్టార్టు. దుమ్ము లేపుకోని పోయినాడు మా బావ."

"నువ్వే చూసినావు?"

"ఈ కండ్లతోనే."

అతనికి ఫోన్ వచ్చింది. గేటు దాకా పోయాడు. మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. "సోమవారం అరవై లోడ్లు కావాల. ముక్కరాళ్లు. గుంత పూడ్చేయాల, గొడ్లు పడి చస్తాండాయి."

మునికృష్ణ గొంతు తగ్గించాడు. "అమ్మా, ఆ పొద్దు ఆయన తీసుకుపోయిన బట్టల సంచి..."

"బట్టల సంచా?" ఆమె చెయ్యి ఆగిపోయింది. "బట్టలు నేనెప్పుడు చెప్పినా సార్? గోనె సంచి అన్నా. బరువుగా ఉంటే ఒక పక్క నేనే పట్టి బస్సెక్కించినా. కారు సామానన్నాడు."

మునికృష్ణ జేబులో నుంచి జిరాక్సు తీశాడు. తన చేతిరాతే. గుండ్రటి అక్షరాలు. బట్టల సంచి.

ఆమె సంచి అంటే, సంచిలో బట్టలు కాక ఏముంటాయని అతనే చేర్చి రాశాడు. ఒక్క మాట. ఆ ఒక్క మాటకు మూడున్నరేళ్లు ఊరంతా ఈమెను మొగుడు వదిలేసిన ఆడదన్నారు.

"ఏమైంది సార్?"

"రేపు చెప్తానమ్మా."

మునిశేఖర్ తిరిగి వచ్చేసరికి మునికృష్ణ కాగితం మడిచేస్తున్నాడు. మునిశేఖర్ ఆ కాగితం వైపు చూశాడు. అక్క ముఖం వైపు చూశాడు. ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే మునికృష్ణకు నచ్చలేదు.

ఆదివారం ఉదయం 6:50కి మునికృష్ణ ఫోన్ మోగింది.

"సార్, సోమవారమన్నోడు ఈపొద్దే లారీలు పిలిపించినాడు" అంది వెంకటలక్ష్మమ్మ. "వాకిట్లో నుంచి కనిపిస్తాండాయి. వరసగా పోతాండాయి."

ఆమె గొంతులో ఏడుపు లేదు. ఆమెకు అప్పటికే తెలిసిపోయిందేమో.

7:35. క్వారీ. మంచు ఇంకా విడవలేదు. గుంతలో నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. మొదటి లారీ వెనక్కి వచ్చి అంచున ఆగింది. తొట్టి లేస్తోంది. సి.ఐ. యమున జీపు అడ్డంగా వచ్చి నిలబడింది.

"దించు" అంది ఆమె డ్రైవర్‌తో.

తొట్టి దిగింది.

"ఏం మేడం? గుంత పూడ్చేది గూడా నేరమా?" అన్నాడు మునిశేఖర్.

జీపు వెనక నుంచి దస్తగిరి దిగాడు. మునికృష్ణ గోనె సంచి దించి, అందులోని రేడియేటర్‌ను బండ మీద నిలబెట్టాడు. తెల్ల పెయింటు పేరు అందరికీ కనబడేట్టు. వెంకటలక్ష్మమ్మ కూడా వచ్చింది. రాళ్ల కుప్ప పక్కన నిలబడింది.

"ఇదేంది?" అన్నాడు మునిశేఖర్.

"నువ్వు చూడంది" అన్నాడు మునికృష్ణ. "మీ బావ ముందురోజే దీన్ని కారు నుంచి విప్పుకున్నాడు. ఆయన కారు ఆయనే విప్పుకుంటాడు, ఇంకొకరికి తెలియదు. 18వ తేదీ ఉదయం పదింబావుకు ఇది మదనపల్లెలో ఉంది. సాయంత్రం 4:10కీ అక్కడే ఉంది. మొన్నటిదాకా అక్కడే ఉంది."

"వేరేది వేసుకోని ఉంటాడు."

"ఈ కారుకు పట్టేది పుంగనూరులోనూ దొరకలేదు. పైగా రిపేరే లేదంటివే నిన్న. గుర్రం మాదిరి ఉండె అంటివే."

మునిశేఖర్ గుంత వైపు చూశాడు.

"బానెట్ మూసి ఉండింది. నువ్వు తెరవలేదు. బాగున్న కారే అనుకున్నావు. అందుకే బెంగళూరు పంపించినావు, మాటల్లో. లోడర్‌తో గుంతలోకి తోసి పంపించినావు, నిజంగా."

ఫైర్ సర్వీసు మనుషులు నీళ్లలోకి దిగారు. క్రేన్ గొలుసు దిగింది. గంటలు గడిచాయి. ఎవరూ ఇంటికి పోలేదు, ఎవరూ అన్నం తినలేదు. మధ్యాహ్నం 1:15కి గొలుసు బిగిసింది. నల్లనీళ్లు పైకి ఉబ్బాయి. ముందు కారు పైకప్పు కనబడింది. తర్వాత అద్దాలు. వెనక సీటులో ఉన్నదాన్ని చూసి సి.ఐ. యమున వెంకటలక్ష్మమ్మకు అడ్డంగా నిలబడింది.

బానెట్ తెరిచారు. రేడియేటర్ ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీకి రెండు పక్కలా పైపుల నోళ్లు. దుమ్ము పోకుండా వాటికి గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి. బురద కడిగితే పచ్చ రంగు తేలింది. నైలెక్స్ గుడ్డ అంత తొందరగా చివకదు.

వెంకటలక్ష్మమ్మ యమునను దాటుకుని వచ్చింది. వంగి చూసింది.

"నా చీరే" అంది. "పాతది, చించుకుంటానని అడిగినాడు. నేనే ఇచ్చినా."

అప్పుడు మునిశేఖర్ లారీ చక్రం పక్కన నేల మీద కూలబడ్డాడు. ఎవరూ అడక్కముందే చెప్పడం మొదలుపెట్టాడు. క్వారీ పేలుళ్లకు పక్కనున్న కాలనీ ఇళ్ల గోడలు చీలుతున్నాయట. మూసేస్తానన్నాడట బావ. వద్దన్నాడట తను. చేతిలో గునపం ఉందట.

"అక్కా" అన్నాడు చివరకు.

ఆమె అతని వైపు చూడలేదు.

జీపులో ఎక్కించి తీసుకుపోయాక మునికృష్ణ ఆమె దగ్గరికి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బట్టలని రాసింది నేనమ్మా. నువ్వు చెప్పలేదు. ఈపొద్దు దిద్ది రాస్తా. గోనె సంచి అని."

"రాయి సార్" అంది. "నలుగురికీ వినబడేట్టు చదువు గూడా."

తర్వాత ఆమె రేడియేటర్ దగ్గరికి పోయింది. దాని మీద పేరును వేలితో తడిమింది. ఆమెకు చదువు రాదు. అయినా ఎవరి పేరో తెలుసు.

"బాగయిందా ఇది?" అని దస్తగిరిని అడిగింది.

"రెండో రోజే అయిపోయిందమ్మా. నీళ్లు నింపి చూసినా. చుక్క కారలేదు."

"ఎప్పుడొస్తానన్నాడు?"

"సోమవారం ఫస్ట్ బస్సుకు. ఖచ్చితంగా కావాలన్నాడు. మంగళవారం ఇంటామెను బోయకొండ గుడికి పిల్చుకోని పోవాల, ఎన్నాళ్లనుంచో అడగతాండాది అన్నాడు."

 గుంతలో నీళ్లు మళ్లీ కదలకుండా నిలిచాయి.

"అవును, అడగతానే ఉంటి" అంది.

గోనె సంచి ఒక పక్క తనే పట్టుకుంది. ఇంకో పక్క మునికృష్ణ పట్టుకున్నాడు.