మూడో షెడ్డులో దించేవాడు

మార్కాపురం దాటి తర్లుపాడు రోడ్డులో కొంచెం దూరం పోతే ఎడమచేతి పక్క ఒక పలకరాయి యార్డు కనపడుతుంది. పేరు చెప్పను. అందులో మూడు రేకుల షెడ్లు. మొదటి రెండింట్లో రాత్రిళ్లు కూడా మనుషులు పడుకుంటారు, బీడీలు కాలుస్తారు, ఫోన్లలో సినిమాలు చూస్తారు. మూడో షెడ్డు వైపు మాత్రం... పొద్దు గూకితే కుక్క కూడా పోదు.

కుక్క సంగతి నేను కళ్లారా చూడలేదులెండి. వాచ్‌మన్ ప్రకాశరావు చెప్పాడు. ఆయన చెప్పేవాటిలో సగం తీసేసి వినాలి. కానీ మిగతా సగం నిజమే, అదే నా బాధ.

ఆ షెడ్డులో ఉండేది ఒక ఫోర్క్‌లిఫ్టు. రాతి పలకలు పేర్చిన చెక్కపెట్టెల్ని కింద ఉండే ప్యాలెట్ అనే చెక్క పీటతో సహా ఎత్తి లారీలోకి చేర్చే బండి. ముందు రెండు పొడుగాటి ఇనప ఫోర్కులు, వాటిని లేపే జాకీ, డ్రైవరు సీటు పక్కన ఒక లివరు. అంతే. దెయ్యం దూరడానికి అందులో చోటు కూడా లేదు.

అయినా దూరిందన్నారు.

సాయంత్రం పని అయిపోగానే ఫోర్కుల్ని మనిషెత్తున పైనే వదిలి, ఇంజను ఆపి, షెడ్డు జాలీ తలుపుకు తాళం వేసి పోతారు. తెల్లారి వచ్చి చూస్తే — ఫోర్కులు నేల మీద ఉంటాయి.

ఒకరోజు కాదు, రెండురోజులు కాదు. రెండేళ్లుగా... రోజూ.

"బెన్నీ దించుతున్నాడు" అనేవాళ్లు. అదీ గొంతు తగ్గించి.

బెన్నీ ఆ యార్డులోనే పెట్టెలకు ఇనప పట్టీలు బిగించేవాడు. ముప్పై దాటినా పెళ్లి ఊసెత్తనిచ్చేవాడు కాదు, తల్లి మార్తమ్మ ఎత్తితే చర్చికి టైమైందని లేచి పోయేవాడు. ఫోర్క్‌లిఫ్టు బరువు దించేటప్పుడు ఎదురుగా నిలబడి, కింద ఎవరూ లేరని చూసి, "దించన్నా" అని చెప్పడం కూడా వాడి పనే. బండి నడిపేది కృపావరం. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే చర్చి.

రెండేళ్ల కింద, మే నెల. ఎండ ఎట్లా ఉంటుందో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. లారీ రావడం ఆలస్యమైంది. పెట్టెను నడుమెత్తున లేపి ఆపి, అన్నాలు తిన్నారు. యార్డులో ఒక చెట్టు లేదు. కృపావరం సీటు మీదే తలకు తువ్వాలు చుట్టుకుని కునుకు తీశాడు. బెన్నీ ఆ లేపిన పెట్టె కింద నీడలో పడుకున్నాడు.

కృపావరం కళ్లు తెరిచేసరికి... పెట్టె నేల మీద ఉంది.

ఇంజను ఆపి ఉన్నా సరే, లివరు ముందుకు పోతే ఆ బరువుకు ఫోర్కులు దిగిపోతాయి. కాబట్టి అందరూ ఒకటే అన్నారు — నిద్రలో కృపావరం చెయ్యి లివరుకు తగిలింది. ఆయన కాదనలేదు. ఎట్లా అంటాడు? నిద్రలో చెయ్యి ఏం చేసిందో ఎవరికి తెలుసు?

అప్పటినుంచి ఆ మనిషి బతుకు బతుకు కాదు. చర్చిలో ఆయన పక్కన చాప ఖాళీగానే ఉంటుంది. టీ బంకు దగ్గరికి పోతే మాటలు ఆగిపోతాయి. పిల్లల్ని బళ్లో "మీ నాయన చంపినాడంటగా" అని అడిగారట. ఎవరన్నా చూసి "దించు" అని చెప్తే తప్ప లివరు ముందుకు నెట్టడు. ఫోర్కులు కింద పెట్టి పోవాలని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఆయనకు తెలియదా! కానీ పొద్దు గూకే వేళకు "దించు" అని చెప్పేవాడు ఎవడూ మిగలడు. మసక చీకట్లో దాని కింద ఎవరన్నా ఉన్నారేమోనని భయం. అందుకే పైనే వదిలేసి పోయేవాడు.

పైన వదిలినవి తెల్లారేసరికి కింద ఉండేవి.

ఇప్పుడు మీరు నన్ను అడగొచ్చు — నువ్వు జాకీలు బాగుచేసే మెకానిక్కువి కదా రంగయ్యా, దొనకొండ దాకా ట్రాక్టర్లూ టిప్పర్లూ నువ్వేగా విప్పేది, రెండేళ్లు ఏం చేస్తున్నావని. ఏం చేయను? నన్ను ఎవరూ పిలవలేదు. దెయ్యం పట్టిందనుకున్న బండికి మెకానిక్కును ఎవరు పిలుస్తారు?

మొన్న మేలో, సరిగ్గా బెన్నీ పోయిన రోజున, కృపావరం ఆ షెడ్డులో ఒంటరిగా రాత్రంతా కూర్చున్నాడు. ప్రకాశరావు వద్దని మొత్తుకున్నా వినలేదు. బెన్నీ వస్తే ఒకే ఒక్క మాట అడగాలని. ఇక్కడినుంచి ఆయన నాకు చెప్పిందే చెప్తున్నాను.

తొమ్మిదింటికి ఫోర్కుల్ని పైకి లేపి ఇంజను ఆపాడు. ఫోర్కులు ఆగిన చోట, నిలువు పట్టా మీద బలపంతో ఒక గీత గీశాడు. బెన్నీ ఎప్పుడు వచ్చేదీ తెలుస్తుందని. ఎదురుగా ఒక ఖాళీ ప్యాలెట్ మీద కూర్చున్నాడు.

చీకటి. పగలంతా కాలిన రేకులు చల్లబడుతూ టక్... టక్... మంటున్నాయి. డీజిలు వాసన.

పదింటికి ఫోను లైటు వేసి చూశాడు. ఫోర్కులు గీత దగ్గర లేవు. జానెడు కింద ఉన్నాయి.

కదిలిన చప్పుడు లేదు. ఎవరూ రాలేదు. జాలీ తలుపు తాళం వేసినట్టే ఉంది.

"బెన్నీ..." అన్నాడు కృపావరం.

ఇంకో గీత గీశాడు. పదకొండుకు మళ్లీ చూశాడు — మళ్లీ జానెడు. మూడో గీత.

"బెన్నీ, నా చెయ్యి తగిలిందా?... ఒక్క మాట చెప్పురా."

రేకు టక్కుమంది. అంతే.

పన్నెండు దాటాక ఇక కూర్చోలేకపోయాడు. లేచి, నాలుగో గీత గీసి, వెళ్లి సీటెక్కాడు. రెండేళ్లుగా పగలు కూడా ఎవరూ చెప్పందే ముందుకు నెట్టడానికి భయపడ్డ లివరును రెండు చేతులతో పట్టుకున్నాడు. ముందుకు పోకుండా, వెనక్కు రాకుండా, గట్టిగా. వేళ్లు తెల్లబడేలా. నువ్వు దించుతున్నావా, నేను పట్టుకుంటా చూడు — అన్నట్టు.

గంటసేపు పట్టుకున్నాడు. లివరు వెంట్రుకవాసి కదల్లేదు.

దిగి లైటు వేసి చూశాడు.

ఫోర్కులు దిగినాయి.

*

తెల్లారకముందే మా ఇంటి తలుపు కొట్టాడు. ఒళ్లంతా చెమట, చేతిలో బలపం ముక్క.

"రంగయ్యన్నా... లివరు పట్టుకున్నా దిగుతుంది. ఏందన్నా అది?"

నేను మొహం కూడా కడుక్కోకుండా సామాన్లు తీసుకుని పోయాను. ఆ నిలువు పట్టా మీద నాలుగు గీతలు చూడగానే నాకు అర్థమైపోయింది. జాకీ విప్పితే లోపల ఆయిలును ఆపే రబ్బరు సీలు ఎండిన రొట్టెముక్కలాగా పెళుసెక్కి, రెండు చోట్ల చీలి ఉంది. ఆయిలు బయటికి కారడం లేదు, లోపల్లోపలే దాటుకుని పోతోంది. అందుకే ఎవరికీ కనపడలేదు. బరువు తనంతట తానే జారుతుంది.

"దెయ్యం లేదు, నీ తలకాయా లేదు. ఇదిగో నీ దెయ్యం" అని ఆ సీలు ఆయన చేతిలో పెట్టాను.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అప్పుడు కూడా ఇట్లనే ఉండిందా అన్నా? రెండేళ్ల కింద?"

"ఇది ఇవాళ చెడింది కాదు కృపావరం. నాలుగైదేళ్లది."

"అయితే నా చెయ్యి కాదు" అన్నాడు. మెల్లగా అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి అరిచాడు. "నా చెయ్యి కాదన్నా!" ఆ ఆయిలు చేతులతోనే నన్ను వాటేసుకుని ఏడ్చాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగినయి. ఊరంతా చెప్దాం పద, ముందు మార్తమ్మకు చెప్దాం అన్నాను.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే బాగుండేది. ఉంటానా? మెకానిక్కు బుద్ధి.

"ఫోర్కులు ఖాళీగా ఉంటే రాత్రంతా పడుతుంది" అన్నాను. "టన్నున్నర పెట్టె, మే ఎండకు పల్చబడ్డ ఆయిలు... నడుమెత్తు నుంచి నేలకు రావడానికి, ఆ అన్నాలకాడ ఆగిన ముప్పావు గంట చాలు."

కృపావరం ఏడుపు ఆగిపోయింది.

"ముప్పావు గంటా?"

నేను సామాన్లు సర్దడం మొదలుపెట్టాను.

"అంటే... ఒక్కసారిగా పడలా." నేల మీద కూర్చుండిపోయాడు. "నిదానంగా వచ్చింది. మీద ఆనినాక... వాడికి మెలకువ వచ్చింటది గదా అన్నా? పిలిచి ఉంటాడు గదా? అవతల రాయి కోసే మిషన్ల మోత... నేను ఇక్కడే ఉన్నా. ఈ సీటు మీదనే పడుకోనున్నా."

చేతిలో పానా పట్టుకుని నిలబడ్డాను. రెండేళ్లు మోసిన బరువు దించానని మురిసిపోయి, అంతకన్నా పెద్దది నెత్తిన పెట్టాను. సాయంత్రానికి కొత్త సీలు వేసి ఇచ్చాను. ఓనరుకు చెబితే, బండి ఆగకుండా చూడమన్నాడు. ఇంకేం అడగలేదు.

అయినా ఆ మర్నాడు చెప్దామనే పోయాడు కృపావరం.

మార్తమ్మ రోజూ తెల్లారి ఆటోలో, ఇంకో ఏడెనిమిది మంది ఆడవాళ్లతో కూలికి పోతుంది. యార్డు ముందు ఆటో ఒక నిమిషం ఆగుతుంది. ఆమె దిగి గేటు ఊచల్లోంచి మూడో షెడ్డు వైపు చూస్తుంది. ఫోర్కులు నేల మీద ఉంటే, కొడుకు వచ్చి పోయినట్టు లెక్క. దెయ్యాల్ని నమ్మడం బైబిలు వాక్యానికి విరుద్ధమని పాస్టరుగారు రెండుసార్లు మందలించారట. ఆమె తల ఊపి, మర్నాడు మళ్లీ దిగేది.

ఆ రోజు కొత్త సీలు. ఫోర్కులు ఎక్కడ పెట్టినవి అక్కడే, పైనే ఉన్నాయి.

కృపావరం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, మాటలు కూడబలుక్కుంటూ. ఆమె లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"రాలేదా నాయనా వాడు?"

"చిన్నమ్మా, నీకొక మాట—"

"ఇంకోరు ఎవురూ దాని కింద పడకూడదని వచ్చి దించిపోతాడు. నా కొడుకు అట్లాంటోడు." ఊచల మధ్యకు మొహం ఆనించింది. "వాడు నిద్రలోనే పోయినాడు. నీ చెయ్యి అట్ల తగిలింది, ఇట్ల పడింది. వాడికి తెలియనే తెలియలా. ఆ ఒక్క మాట పట్టుకోని బతుకుతున్నా నాయనా. నీ మీద నాకేం కోపం లేదు. ఏందో చెప్పబోయినావు?"

ఆటో హారన్ కొట్టింది.

"ఏం లేదు చిన్నమ్మా" అన్నాడు కృపావరం. "రేపొస్తాడులే."

*

నేను ఆయన్ని తిట్టాను. "పాత సీలు నా షాపులో మేకుకు తగిలించే ఉంచాను, నేనొచ్చి సాక్ష్యం చెప్తా, ఎన్నాళ్లు పడతావు ఈ నింద" అన్నాను. "దాన్ని పారెయ్ అన్నా" అన్నాడు.

నేను పారేయలేదు.

పోయిన వారం తర్లుపాడులో ఒక ట్రాక్టరు పని ఉండి చీకటితోనే బయల్దేరాను. యార్డు దగ్గర బండి ఆపాను. ఎందుకు ఆపానో తెలియదు. గేటు పక్కన గోడ చాటున నిలబడ్డాను.

మూడో షెడ్డులో ఫోను లైటు కదులుతోంది. కృపావరం.

ఫోర్క్‌లిఫ్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. మోకాళ్ల మీద కూర్చుని ఫోర్కుల కిందంతా లైటు వేసి చూశాడు. లేచి, మళ్లీ కూర్చుని మళ్లీ చూశాడు. సీటెక్కి లివరు మీద చెయ్యి పెట్టాడు. నెట్టలేదు. ఎదురుగా — బెన్నీ నిలబడే చోటికి — చూశాడు.

"దించనా?" అన్నాడు. గుసగుసగా.

ఆగాడు.

నాకేమీ వినపడలేదు. ఒట్టు, ఏమీ వినపడలేదు. కానీ కృపావరం... విన్నట్టుగా తల ఊపి, లివరు ముందుకు నెట్టాడు.

ఎవరు చెబితే దించాడో నేను అడగలేదు, అడగను కూడా.

కాసేపటికి ఆటో వచ్చి ఆగింది. మార్తమ్మ దిగి ఊచలు పట్టుకుని చూసింది. "వచ్చినాడు" అంది. ఆ ముసలి మొహం వెలిగింది. కృపావరం గేటు దగ్గరికి వచ్చాడు.

"ఒక్కసారిగానే పడింది గదా నాయనా?"

రోజూ అడుగుతుందట.

"ఒక్కసారిగానే చిన్నమ్మా."

"నిద్రలోనే గదా?"

"నిద్రలోనే. నా చెయ్యే తగిలింది."

ఆమె తృప్తిగా తల ఊపి ఆటో ఎక్కింది. ఆటో కదిలి పోయినాక కృపావరం నన్ను చూశాడు. కుడిచేతిని చొక్కాకు తుడుచుకుని లోపలికి పోయాడు.