ఓబులేసు అటెండెన్సు

నంద్యాల టౌన్లో మీరు ఏ ఇంటి గేటన్నా తట్టండప్పా, అది నా చెయ్యే. సలీం వెల్డింగ్ షాపంటే ఆటోవాళ్లు అడ్రసు కూడా అడగరు. మొన్న గాలివానకు ఒకాయన ఇల్లంతా కూలిపాయ, నేను పెట్టిన గేటు మాత్రం అట్లనే నిలబడుకోనుంది. ఆయప్ప ఇప్పటికీ ఆ గేటు తీసుకోనే లోపలికి పోతాడు. గోడలు లేకపోతే ఏమి, గేటుకు మర్యాద ఇయ్యాల గదా.

ఇంత పనోణ్ణి, సదువులో సున్నా. ఆళ్లగడ్డ పక్క హైస్కూల్లో పదో తరగతి పరీక్ష మూడుసార్లు రాసినా. మూడోసారి నా పేపరు దిద్దినాయన ఉద్యోగమే మానుకోని శ్రీశైలం కొండకు ఎక్కిపోయినాడంట. అయితే ఒక్క విద్యలో నన్ను మించినోడు ఈ జిల్లాలో లేడు. గొంతు మార్చేది. క్లాసులో ఎవడన్నా రాకపోతే వాని గొంతుతో "ఉన్నా సార్" అని నేనే పలికేవాణ్ణి. కరుణాకర్ సార్‌కు రిజిస్టర్ మీద కన్ను తప్ప పిల్లోళ్ల మీద ఉండదు. పేరు చదువుతాడు, గొంతు వినబడతాది, టిక్కు కొడతాడు. ఒక శనివారం క్లాసులో నేనొక్కణ్ణే ఉంటే నలభై ఒక్కమందికీ పలికినా. సార్ సంతోషపడి, "ఈ పొద్దు అందరూ వచ్చినారే" అని పాఠం మొదలుపెట్టినాడు.

నవ్వుకోండి. ఈ కథలో నవ్వేది ఇంతవరకే.

మా క్లాసులో ఓబులేసు అని ఒకడుండె. దొర్నిపాడు పక్కనుంచి సైకిలు తొక్కుకోని వచ్చేవాడు. సన్నగా, నత్తి నత్తిగా మాట్లాడేవాడు. వాని గొంతు తీసేది నాకు అన్నిటికంటే బాగా వచ్చు. డిసెంబరు నెలలో ఒక పొద్దు వాడు రాలే. వాని పేరు వచ్చింది. నేను వాని నత్తితో సహా పలికినా. వెనక బెంచీలోళ్లు నోట్లో గుడ్డలు కుక్కుకోని నవ్వినారు. సార్ టిక్కు కొట్టినాడు.

సాయంత్రం వాళ్ల నాయన నారాయణ స్కూలుకు వచ్చినాడు. పిల్లోడు ఇంటికి రాలేదన్నాడు. సార్ రిజిస్టర్ తెరిచి చూపించినాడు. పొద్దున వచ్చినాడయ్యా, పలికినాడు, ఇంటికి పోయేటప్పుడే యాడికో పోయుంటాడని చెప్పినాడు. నేను ఆడనే నిలబడుకోనుండా. నోరు తెరవలే. చెప్తే సార్ తోలు తీస్తాడని భయం. అంతే భయం.

రెండు దినాలు ఆళ్లగడ్డంతా ఎతికినారు. బస్టాండు, సినిమా హాలు, హాస్టలు. పొద్దున వాడు వచ్చే దారి మాత్రం ఎవరూ చూడలే. వచ్చినోని దారి ఎందుకు చూస్తారు? మూడో దినం దొర్నిపాడు కాలవ దగ్గర గొర్రెలోళ్లు చూసినారు. సైకిలు గట్టు మీది నుంచి జారింది. వాని కాలు తూములో ఇరుక్కునింది. నీళ్లు గొంతు దాకానే. మునగలేదప్పా వాడు. నిలబడుకోని, అరిసి అరిసి... వాని పది గోళ్లలోనూ గట్టు మట్టి ఉన్నింది.

ఈ సంగతి ఇరవై ఏండ్లు నేను ఎవరికీ చెప్పలే. నా పెండ్లాం హజీరాకు కూడా.

పోయిన డిసెంబరులో మా బ్యాచోళ్లందరూ కలవాలని అనుకున్నారు. ఆదివారం. స్కూలు తాళం తీయించినారు. మా పాత పదో తరగతి గదిలోనే కూర్చున్యాం. సున్నం వాసన, గబ్బిలాల వాసన. కిటికీలోనుంచి ఎండ పడతాండాది. పిల్లోళ్ల బెంచీలు గదా, మా మోకాళ్లు కింద పట్టడం లేదు. నర్సు పని చేసే లూదియా అందరికీ మజ్జిగ ఇస్తాండాది. ప్రసన్నకుమారి ఇప్పుడు టీచరు, ఆయమ్మే మమ్మల్ని గద్దించి వరసగా కూర్చోబెట్టింది. అన్నం సంగతి రియాజ్ చూసుకుంటానన్నాడు. వాడూ మా క్లాసోడే, నా సావాసగాడు, ఇప్పుడు మా వీధిలోనే ఉంటాడు, ట్రాలీ ఆటో తోలుతాడు. నంద్యాల నుంచి రెండు డేక్షాల బిర్యానీ ఒంటిగంటకు తెస్తానన్నాడు.

ఒంటిగంట అయిపాయ. రియాజ్ రాలే. ఆకలికి అందరూ నసుగుతాండారు. అప్పుడు కరుణాకర్ సార్, ముసలాయన, నవ్వుకుంటా బీరువాలో దొరికిన మా పాత రిజిస్టర్ తెరిచినాడు. అన్నమొచ్చే లోపల అటెండెన్సు తీసుకుంటా, లేచి పలకండి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. సార్ పెన్ను తీసి, చివర ఖాళీగా ఉండే గళ్లలో ఒక్కొక్కరికీ టిక్కు కొడతాండాడు. బట్టతలలోళ్లు, పొట్టలోళ్లు లేచి చేతులు కట్టుకోని పలుకుతాండారు.

ఓబులేసు పేరు చదవొద్దని లూదియా ముందే చెప్పింది సార్‌కు. కానీ ఆయన కండ్లు రిజిస్టర్ మీదనే గదా.

"పదిహేడు. ఓబులేసు."

లూదియా సార్ పక్కకు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఉ... ఉన్నా సార్."

సన్న గొంతు. నత్తి. నా వెనక నుంచి వచ్చింది. నా వెనక గోడే ఉంది.

అందరూ నా పక్కకు తిరిగినారు. ప్రసన్నకుమారి మొగం ఎర్రగా అయిపాయ. చచ్చిపోయినోనితో కూడా ఆటలేనా నీకు అని తిట్టింది. నేను కాదన్యా. నా పిల్లోళ్ల మీద ఒట్టు పెట్టినా. ఎవరు నమ్ముతారప్పా? నలభై ఒక్కమందికి పలికినోని మాట! సార్ మాత్రం టిక్కు కొట్టి కింది పేరుకు పోయినాడు. అప్పుడు నాకు వాసన వచ్చింది. నాచు వాసన. కాలవ నీళ్లు తగ్గినప్పుడు గట్టు అడుగున వస్తాది చూడండి, అది.

"ఇరవై తొమ్మిది. రియాజ్."

"ఉన్నా సార్."

రియాజ్ గొంతే. పాన్ నములుతా మాట్లాడే గొంతు. ఈసారి అందరూ నవ్వినారు. సలీమూ, నీకు తిట్లు కూడా అన్నం మాదిరే అరుగుతాయిరా అన్యాడొకడు. సార్ టిక్కు కొట్టినాడు.

రియాజ్ ఈడ లేడు. వాడు దారిలో ఉండాడు. లేనోనికి ఎవరో పలికినారు. లేనోనికి టిక్కు పడిపాయ. ఓబులేసుకు పడినట్ల.

ఆఖరి పేరు దాకా కూర్చున్యా. ఎందుకు కూర్చున్యానో నాకు తెలీదు. లేయాలంటే లేయలేకపోయినా. సార్ రిజిస్టర్ మూసినాంక ఎట్లనో లేచి ఆయన కాళ్ల దగ్గరికి పోయినా.

"సార్, రియాజ్‌కు ఆబ్సెంటు వేయండి సార్."

ఆయన నవ్వినాడు. ఒకసారి టిక్కు పడినాంక కొట్టేసేది లేదురా, రిజిస్టర్లో కొట్టివేతలు ఉండకూడదు, నా సర్వీసులో ఒక్కటి లేదు అన్యాడు. నేను ఏడ్చినా. అందరి ముందర, ఇంత మనిషిని. ఇరవై ఏండ్ల కిందట ఓబులేసుకు పలికింది నేనేనని చెప్పినా. వాళ్ల నాయన వచ్చినప్పుడు పక్కనే నిలబడి నోరు మూసుకున్యానని చెప్పినా. ఈ పొద్దు రియాజ్‌కు ఎవరో పలికినారు, వాడు యాడనో పడినాడు, పోదాం రండి అన్యా.

ఎవరన్నా లేస్తారని చూసినా. ఒకడు చప్పట్లు కొట్టినాడు. సలీం కొత్త కథ కట్టినాడు, ఏడుపు కూడా నేర్చినాడే అన్యాడు. లూదియా నా భుజం పట్టుకోని కూర్చోబెట్టబోయింది. రియాజ్ బయటనే ఉండాడేమో, పలికినాడు గదా అంటాండాది. మీకు చెప్తాండా, నా బతుకులో నేను చెప్పిన నిజం అదొక్కటే. ఆ ఒక్కటీ ఎవరికీ పట్టలే.

రియాజ్‌కు ఫోన్ చేసినా. ఎత్తినాడు. మాటలు లేవు. నీళ్లు... గుళక్ గుళక్‌మని. చాలాసేపటికి గాలి మాదిరి గొంతు.

"సలీమూ... అరుస్తాండా రా..."

కట్టయిపాయ.

బండి తీసినా. నంద్యాల రోడ్డు పట్టుకున్యా. రెండు పక్కలా చూసుకుంటా, ప్రతి గుంత దగ్గరా ఆపుకుంటా పోతాండా. ఎండ తెల్లగా ఉంది. రోడ్డు మీద లారీలు, ట్రాక్టర్లు, శనక్కాయలు ఎండేసుకున్యోళ్లు. ఎవర్నడిగినా ఆటో చూడలేదంటారు. సిరివెళ్ల ఊరు ఇంకా రాలే. ఒక కాలవ వంతెన దగ్గరికి వచ్చేతలికి ఆ నాచు వాసన మళ్లా కొట్టింది. బండి నిలిపి దిగబోతాండా. ఫోన్ మోగింది.

లూదియా గొంతు. "సలీం, యాడికి పోయినావు? రియాజ్ వచ్చినాడు. వెనక గేటు నుంచి వచ్చి డేక్షాలు దించినాడు. తొందరగా రా, చల్లారిపోతాది."

వెనకాల పళ్లేల చప్పుడు. నవ్వులు. రియాజ్ నవ్వు కూడా విన్యానప్పా.

నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో. బండి మీదనే తల పెట్టుకోని అల్లాకు మొక్కుకున్యా. వంతెన కిందికి చూడలే. పదడుగులు. పదడుగులు నడిస్తే కనబడేది. బండి తిప్పినా.

స్కూలుకు వచ్చేతలికి అందరూ వరండాలో ఉత్త పళ్లేలు పెట్టుకోని కూర్చోనుండారు. రియాజ్ యాడరా, నువ్వు తీసుకొస్తావనుకుంటిమే అన్యారు. లూదియాను చూసినా. నేను నీకు ఫోన్ చేయలేదే అనింది. నా ఫోన్ తీసి చూసినా. ఆ టైముకు ఏ కాలూ లేదు.

అప్పుడు లేచినారు అందరూ. అప్పుడు నమ్మినారు. నాలుగు కార్లు, బండ్లు. వంతెన కాడికి పోయేతలికి నాలుగయింది.

ఆటో కాలవలో తలకిందులుగా పడిపోయుంది. రోడ్డు మీదికి కనబడదు, తుమ్మచెట్ల మాటున ఉంది. గట్టు మీద పడిన డేక్షాల మూతలకు కట్టిన గుడ్డలు ఊడలే. చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉండాయి. రియాజ్ కాళ్లు హ్యాండిల్ కింద. తల నీళ్ల బయటనే. గొంతు దాకానే నీళ్లు. గట్టున గీరిన గీతలుండాయి, పొడుగ్గా, తడి ఆరనివి.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పినాడు, మూడు వరకన్నా ప్రాణముండి ఉంటాదని. నేను వంతెన మీద బండి నిలిపింది రెండుంబావుకు.

మట్టి చేసి వచ్చినాంక వాని పెండ్లాం షబానా నన్ను పిలిచింది. ఏడవలే. నేల చూసుకుంటా అడిగింది. "నలభై మంది ఉండారు గదన్నా. ఒక్కరన్నా ఎదురు రాలేదా?"

నేను పోయినానని ఎట్ల చెప్పేది? పోయి తిరిగొచ్చినానని ఎట్ల చెప్పేది? పోలీసోళ్లకు చెప్పినా, మసీదులో పెద్దాయనకు చెప్పినా, పాస్టరయ్యకు కూడా చెప్పినా. అందరూ నీళ్లిచ్చి కూర్చోబెట్టినారు. కరుణాకర్ సార్ ఇంటికి పోయి రిజిస్టర్ అడిగినా, చించేద్దామని. స్కూల్లోనే పెట్టి వచ్చినా అన్యాడు. స్కూల్లో అడిగితే సార్ తీసుకుపోయినాడన్నారు.

పోయిన వారం ప్రసన్నకుమారి షాపుకొచ్చింది. గేటు బేరం అనుకున్యా. ఆయమ్మ కూర్చోలే. ఆ పొద్దు అటెండెన్సు వీడియో తీసిందంట, రాలేనోళ్లకు పంపుదామని. ఇన్ని దినాలూ చూడబుద్ధి కాలేదంట. ఫోన్ నా చేతిలో పెట్టి పక్కకు తిరిగి నిలబడింది.

చూసినా. ఓబులేసు పేరు కాడ పలుకుతాండేది నా నోరే. రియాజ్ పేరు కాడా నా నోరే. ఖురాన్ మీద చెప్తానప్పా, నేను పలకలే. కానీ నా నోరే.

అది కాదు మీకు చెప్పాలనుకున్యింది. సార్ రిజిస్టర్ మూసినాడు. అందరూ లేస్తాండారు, పళ్లేలు తీస్తాండారు. నేను లేచేదానికి ముందర ఒక నిమిషం ఉంది వీడియోలో. నేను బెంచీలోనే కూర్చోనుండా, చేతులు కట్టుకోని. తల పక్కకు వంచుతాండా, ఎవరో చెవిలో పేరు చెప్తాంటే వినేటట్ల. మళ్లా తల నిటారుగా పెట్టి "ఉన్నా సార్" అనేటట్ల పెదాలు కదుపుతాండా. శబ్దం రాలే. మళ్లా చెవి వంచుతాండా.

పదకొండుసార్లు.