ఇరవై ఏడు నిమిషాలు

బంగారు జేబు గడియారం పోయింది.

పోయింది నడిబజారులో కాదు. నూట పది గడియారాలున్న షాపులో, అన్నీ టిక్కుటిక్కుమంటుండగా. నిన్న సాయంత్రం 4.00కీ 5.05కీ మధ్య. సొంతదారు ఒక రిటైర్డ్ జడ్జి. రిపేరుకిచ్చి రెండు రోజులే అయింది.

ఉదయం 11.05. ఇన్‌స్పెక్టర్ జీపు దిగింది. వెనకాలే హెడ్ కానిస్టేబుల్.

"మనకి పనేం లేదు మేడమ్. దొంగ స్టూలెక్కి రెడీగా కూర్చున్నాడు. ఎత్తుకెళ్లడమే," అన్నాడు హెడ్.

స్టూలు మీద ఉన్నది మెకానిక్. షాపులో అందరూ అతన్ని బండన్న అంటారు. ఆ పేరు పెట్టిన రోజుల్లో నూట ముప్పై కిలోలు. ఇప్పుడు అతని చొక్కాలో ఇంకో మనిషికి చోటుంది. ఒళ్లు తగ్గింది కానీ పేరు తగ్గలేదు.

షాపు యజమాని స్వయంగా కాఫీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నీరసంగా కనిపిస్తున్నారమ్మా. రెండు చెంచాలు పంచదార ఎక్కువే వేయించాను."

ఇన్‌స్పెక్టర్ కాఫీ వంక చూసింది. వద్దంటే ఎందుకంటారు. షుగరా అంటారు. కాదంటే మరేమిటంటారు. ఆ ప్రశ్నల వరస ఆమెకి కంఠతా వచ్చు.

ఏడు నెలల్లో నలభై కిలోలు ఎలా తగ్గారంటే వాకింగ్, కీరదోసకాయ అని స్టేషనంతటికీ చెప్పి ఉంది. హెడ్ పాపం ఆ మాట నమ్మి మూడు నెలలుగా కీరదోసకాయ మీదే బతుకుతున్నాడు. రెండు కిలోలు పెరిగాడు కూడా. పొట్ట చిన్నది చేయించుకున్న ఆపరేషన్ సంగతి తెలిసింది ఇద్దరికే. డాక్టరుకీ, ఆమె అక్కకీ.

కాఫీ తాగేసింది. టైం 11.10.

"నిన్న ఏం జరిగింది?"

"నా అరవయ్యో పుట్టినరోజమ్మా. నాలుగింటికి ఇక్కడే కేకు కోశాం."

"ఎవరెవరున్నారు?"

"మా అమ్మాయి, పిల్లలు, నా బావమరిది, పక్క షాపు టైలరమ్మ, బండోడు. నా చేత్తోనే బండోడి నోట్లో పెద్ద ముక్క పెట్టాను. నా తర్వాత షాపు బాధ్యత వీడిదే అని అందరి ముందూ చెప్పాను. నాలుగుంబావుకి అమ్మాయి వాళ్లని కార్లో దింపడానికి వెళ్లాను. ఐదింటికి వచ్చి చూసుకుంటే వాచీ లేదు."

కౌంటర్ వెనక నుంచి బావమరిది అందుకున్నాడు. ఇరవై ఏళ్లుగా అక్కడ గడియారాలు అమ్మేది అతనే.

"నేను కళ్లారా చూశాను మేడమ్. నాలుగూ ఇరవైకి బండన్న టేబుల్ దగ్గర్నుంచి లేచాడు. ఒళ్లంతా చెమట. చేతులు గడగడా వణుకుతున్నాయి. ఏదో జేబులో కుక్కుకుని వెనక తలుపులోంచి తుర్రుమన్నాడు. మళ్లీ మొహం చూపించింది నాలుగూ యాభైకి. ఎక్కడ చచ్చావురా అంటే నోరు విప్పడు."

ఇన్‌స్పెక్టర్ మెకానిక్ వైపు తిరిగింది.

"ఎక్కడికెళ్లావు?"

"పనుండి వెళ్లానండి."

"ఏం పని?"

అతను తల దించుకున్నాడు.

"వాచీ నువ్వే తీశావని రాసుకోనా?"

"మీ ఇష్టమండి," అన్నాడతను నేలతో.

దొంగన్నవాడు కనీసం అబద్ధమైనా చెబుతాడు. ఇతను ఆ మాత్రం శ్రమ కూడా పడటం లేదు. ఎందుకు?

ఆ ప్రశ్న పూర్తయ్యేలోపు 11.28 అయింది.

మొదట మెడ వెనక చెమట. తర్వాత గుండె దడదడ. చేతిలో పెన్ను దానంతటదే వణికింది. కడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు మెలి. ఆపరేషన్ ముందు డాక్టరు ఇదంతా విడమరచి చెప్పాడు. తీపి పడితే డంపింగ్ అవుతుంది, తిన్నది సరాసరి పేగుల్లోకి జారుతుంది అన్నాడు. ఆమె బుద్ధిగా తలూపింది. తలూపుతూ ఆలోచించింది మాత్రం కొత్త యూనిఫాం కొలతల గురించి.

"బాత్రూం ఎక్కడ?"

"వెనక వరండాలోనమ్మా. కడిగేది టైలరమ్మ కాబట్టి తాళంచెవి..."

మిగతా మాట ఆమె వీపుకి వినబడింది. 11.30కి పోలీసు బూట్లు గడియారాల మధ్య నుంచి పరిగెత్తాయి.

బయటికొచ్చేసరికి 11.57. వరండాలో టైలరమ్మ గ్లాసుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆవిడ మొహం చూడలేకపోయింది. ఎంతమందినో నిలబెట్టి కడిగేసిన నోరు నీళ్లు పుక్కిలించడానికే సరిపోయింది.

"సిగ్గుపడకండమ్మా. తాళంచెవి లాక్కుని పరిగెత్తడం, అరగంటకి తెల్లమొహంతో రావడం, అచ్చం బండన్నే."

"బండన్నా?"

"నాలుగు నెలలుగా ఇదే తంతు. నిన్న మరీనూ. నాలుగూ ఇరవైకి వెళ్లాడు. నాకు భయమేసి ఈ తలుపు దగ్గరే కాపలా ఉన్నాను. రెండుసార్లు కొట్టాను. ఉన్నానక్కా అన్నాడు. వచ్చేసరికి నాలుగూ యాభై. ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. అంత మగాడూ ఏడ్చేశాడు."

"మరి నాకెందుకు చెప్పావు?"

"మీరూ ఆ జట్టేగా అనీ."

ఇన్‌స్పెక్టర్ షాపులోకి వచ్చి దొరికిన కుర్చీలో కూలబడింది. ఎదురుగా నిలువెత్తు లోలకం గడియారం. ఆగిపోయి ఉంది. రిపేరు షాపులో ఆగిన గడియారం వింతేం కాదు. ఆమె చుట్టూ చూసింది. ఆగినవాటికన్నిటికీ ఎర్ర ట్యాగులు. నడిచేవాటికి పచ్చ ట్యాగులు.

దీనికి పచ్చ ట్యాగుంది. ముళ్లు 4.36 దగ్గర ఉన్నాయి.

12.15కి అందర్నీ పిలిచింది.

"ఈ గడియారానికి కీ ఎప్పుడిచ్చారు?"

మెకానిక్ తల ఎత్తకుండానే చెప్పాడు. "నిన్న పొద్దునండి. ఎనిమిది రోజులు నడుస్తుంది."

"ఆగిపోయింది."

అతని తల లేచింది. "ఆగదండి. నేను బాగుచేశాను దాన్ని."

ఇన్‌స్పెక్టర్ అద్దం తలుపు తీసి చెయ్యి పెట్టింది. లోలకానికీ చెక్కకీ మధ్య ఇరుక్కున్న పసుపుపచ్చ గుడ్డ మూట బయటికొచ్చింది. లోపల జడ్జిగారి జేబు గడియారం.

"మెకానిక్ అయితే లోలకానికి అడ్డంగా దాచడు. పెట్టిన మరుక్షణం ఆగిపోతుందని అతనికి తెలుసు. గడియారాలు అమ్మేవాళ్లకి తెలియకపోవచ్చు. దాచింది 4.36కి. అప్పుడు యజమాని కార్లో ఉన్నారు. టైలరమ్మ వరండాలో ఉంది. మెకానిక్..."

ఆగింది. మెకానిక్ ఆమెనే చూస్తున్నాడు. చెప్పొద్దన్నట్టు తల కొద్దిగా అడ్డంగా ఊపాడు. జైలైనా ఫరవాలేదు, ఆ ఒక్కటీ వద్దని.

"బాత్రూంలో ఉన్నాడు. నేను సాక్ష్యం చెబుతాను," అంది టైలరమ్మ ఉండబట్టలేక.

బావమరిది పకపకా నవ్వాడు. "అరగంటసేపా? బాత్రూంలో కాపురం పెట్టాడా? చెమటలేంటి, వణుకేంటి? తప్పు చేసినవాడికి కాకపోతే ఎవరికి వస్తాయి మేడమ్ అవి?"

హెడ్ కూడా కిసుక్కుమన్నాడు. మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి.

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకుంది. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత చిన్న గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"నాకొస్తాయి. ఇందాక వచ్చాయి. ఇదే బాత్రూంలో ఇరవై ఏడు నిమిషాలున్నాను. నేను లావు తగ్గింది వాకింగ్ చేసి కాదు. ఆపరేషన్ చేయించుకున్నాను. అది అయినవాళ్లకి తీపి పడితే ఇలాగే అవుతుంది. నాలుగింటికి కేకు తింటే నాలుగూ ఇరవైకి చెమటలు. పదకొండూ పదికి కాఫీ తాగితే పదకొండూ ఇరవై ఎనిమిదికి. లెక్క తప్పదు."

"మరి కీరదోసకాయలు మేడమ్?" అన్నాడు హెడ్ నీరసంగా.

"క్షమించు."

మెకానిక్ స్టూలు మీంచి లేచాడు. "నాకూ అయిందండి ఆపరేషను. అన్నయ్య దగ్గరికి వెళ్తున్నానని చెప్పి చేయించుకున్నాను. తిండి మానలేక కడుపు కోయించుకున్నాడని నవ్వుతారని..."

"పిచ్చి సన్నాసీ, కేకు వద్దని చెప్పొచ్చు కదరా!" అన్నాడు యజమాని.

"మీరు ప్రేమగా పెట్టారండి."

ఇన్‌స్పెక్టర్ కౌంటర్ వైపు చూసింది. "4.36కి షాపులో ఉన్నది ఒక్కరే. బండన్న జేబులో కుక్కుకున్నాడన్న వాచీ గడియారంలోకి ఎలా నడిచొచ్చింది?"

బావమరిది నవ్వు ఎప్పుడో ఆగింది. కౌంటర్ అంచు పట్టుకున్నాడు.

"బావా, అమ్ముకుందామని కాదు. ఇరవై ఏళ్లు ఇక్కడ నిలబడింది నేను. షాపు వాడికా? వాణ్ణి పంపించేశాక నేనే వెతికినట్టు తీసిద్దామనుకున్నా."

యజమాని అతని మొహం చూడలేదు. తన బూట్లు చూసుకున్నాడు. "ఒక్క మాట ముందే నీకు చెప్పాల్సింది," అన్నాడు.

హెడ్ బావమరిదిని జీపెక్కించాడు. ఇన్‌స్పెక్టర్ తలుపు వేయబోతుంటే మెకానిక్ పరుగున వచ్చాడు. హెడ్ వైపు చూసి ఆగాడు. ఆమె నాలుగడుగులు పక్కకి వచ్చింది.

"ఎవర్నీ అడగలేక... జుట్టండి. దువ్వెన పెడితే గుప్పెళ్లు గుప్పెళ్లు వస్తోంది. మళ్లీ మొలుస్తుందాండి?"

"ఏడాదికి వస్తుందన్నాడు డాక్టరు."

"మీకొచ్చిందా?"

ఆమె అటూ ఇటూ చూసి టోపీ తీసింది. పాపిట చుట్టూ అరచేయంత మేర మాడు తెల్లగా మెరుస్తోంది. అతను మర్యాదకి చూపు తిప్పుకోబోయాడు.

"చూడు. పర్లేదు," అంది.