ఏడు మగ్గాల షెడ్డు

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! కారుమేఘాలు సూర్యబింబాన్ని కబళించాయి. పామర్రు పొలాల మీద ఉరుముల భీకర గర్జన! పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది...

1944వ సంవత్సరం. యుద్ధం వల్ల నూలుకు కరువొచ్చింది. దొరికిన నూలంతా షావుకారు వెంకటప్పయ్య గోదాములోనే! సముద్రాల అవతల పోరాడే సైనికుల గాయాలకు కట్టే గుడ్డ నేయించే కాంట్రాక్టు అతనిదే. నూలు లేక ఇంట్లో మగ్గాలు మూలపడ్డ ఏడుగురు నేతగాళ్ళు అతని షెడ్డులో పనికి కుదిరారు. మూడు రోజులైంది... ఒక్కరూ ఇల్లు చేరలేదు!

వారిలో ఒకడైన మల్లేశ్వరరావు కోసం భార్య శివపార్వతి అన్నం మూటతో వచ్చి షెడ్డు తలుపు తోసింది.

టక్... టక్... టక్... ఏడు మగ్గాలూ ఒకే లయలో ఆడుతున్నాయి. మూలన కొత్తగా దింపిన ఎనిమిదోది మాత్రం ఖాళీ! గుంటల్లో కాళ్ళు దింపి కూర్చున్న ఏడుగురు మనుషులు... రెప్ప వాలని కళ్ళు... నెత్తురోడుతున్న వేళ్ళు!

"ఏమయ్యా, లే! ఇంటికి పోదాం!"

"కాళ్ళు నా మాట ఇనట్లేదే పార్వతీ... నువ్వన్నా పారిపో!"

మల్లేశ్వరరావు గొంతు ఏడుస్తోంది. చేతులు మాత్రం నేస్తూనే ఉన్నాయి. ఆమె చంకల కింద చేతులు వేసి లాగింది. అంగుళం కదల్లేదు!

వెనక గదిలోంచి కాలిన వెంట్రుకల కమురు వాసన... తొంగిచూసి కొయ్యబారిపోయింది. రక్తపు ముగ్గు నడుమ కపాలం! దానికి చుట్టిన ఏడు నూలుపోగులు! ఎదుట వెంకటప్పయ్య!

"శనివారం ఓడ కదులుద్ది. తిండీ నిద్రా అడగని చేతులు కావాలి నాకు. ఎనిమిదో మగ్గం ఖాళీగా ఉంది... కూర్చో!"

అతడు భస్మం విసిరాడు. శివపార్వతి కాళ్ళు వాటంతటవే నడిచి గుంటలోకి దిగాయి. చేతులు నూలు కండె ఉన్న నాడె అందుకున్నాయి. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. 'తల్లీ చౌడేశ్వరీ...' అని నేతగాళ్ళ కులదేవతను తలుచుకుని లోలోపలే ఆక్రోశించింది.

ఫెళఫెళమని పిడుగు! ఆమె జుట్టు విరబోసుకుని గుంటలోంచి లేచింది. కళ్ళు చింతనిప్పులు... ఆ గొంతు ఆమెది కాదు!

"నా బిడ్డల్ని బతికుండగానే పాతిపెట్టావట్రా!"

ఆమె వెనక గదిలోకి దూసుకెళ్ళి కపాలం మీదికి చెయ్యి చాచేసరికి వెంకటప్పయ్య కెవ్వుమన్నాడు. "తాకమాక! ఆ పోగులు తాకితే మాడి మసైపోతావ్!"

ఏడు పోగుల్నీ ఒక్క గుప్పిట పట్టి పెరికింది. అరచెయ్యి కాలి పొగలు లేచాయి. ఆమె వదల్లేదు! తెగిన పోగులు కాలసర్పాలై వెంకటప్పయ్య కంఠాన్ని చుట్టి, ఖాళీ గుంటలోకి ఈడ్చుకుపోయాయి. గుండెలవిసే కేక... అతని మీద నేల మూసుకుంది!

మగ్గాలు ఆగాయి. ఆరుగురు పాకుతూ బయటికొచ్చారు. ముసలి నేతగాడు ఏడుకొండలు ఒక్కడే లేవలేదు. మల్లేశ్వరరావు అతని భుజం తట్టి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఒళ్ళు మంచుగడ్డ!

"పార్వతీ... బాబాయి మొన్న దగ్గు ఆగిపోయినప్పుడే పోయాడే! చచ్చిపోయాక కూడా నేయించాడు..."