డబ్బు అడగని ఫోను

ఆమె లోపలికి వస్తూనే తలుపు గడియ వేసింది. మెడలో కొలతల టేపు వేలాడుతూనే ఉంది. దర్జీ పనిచేసే మనిషి, పని మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చిందని ఎవరికైనా తెలుస్తుంది.

“ఎవరికీ చెప్పొద్దన్నారండీ. మీకు చెప్పినందుకు కూడా జైల్లో వేస్తారేమో!”

“ముందు కూర్చోండమ్మా,” అన్నాడు డిటెక్టివ్. వీధిలో అందరూ ఆయన్ని భూతద్దంగారంటారు. నిజానికి ఆయన జన్మలో భూతద్దం కొనలేదు.

పక్కన సహాయకురాలు నోటుబుక్కు తెరిచింది. ఆరేళ్ళుగా ఆయన కేసులన్నీ రాస్తున్నది ఆమే. ఆయన తెలివంటే ఆమెకు భక్తి. ఆ తెలివికి జనం దండాలు పెడుతుంటే కడుపుమంట కూడా. రెండూ ఒకే పొయ్యి మీద ఉడుకుతుండేవి.

“ఫోన్ చేసినవాడు పన్ను ఆఫీసు నుంచి అన్నాడండీ. నా లెక్కల్లో మోసం ఉందట. విచారణ అయ్యేదాకా కొత్త పని ఒప్పుకోకూడదట. ఈ సాయంత్రం ఐదింటికి నాటక కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఏడాది పొడుగునా వేషాలన్నీ మేమే కుట్టాలి. ఇది పోతే మళ్ళీ రాదండీ.”

“డబ్బు కట్టమన్నాడా?”

“లేదు.”

“బ్యాంకు వివరాలు?”

“అవీ అడగలేదు. కానీ నా పన్ను నంబరు గడగడా చెప్పాడు. ఆరంకెలు చెప్పి ఆగి, సరిచూసుకోవాలి, మిగతా మూడూ మీరు చెప్పండన్నాడు. చెప్పేశాను. అంత తెలిసినవాడు ఆఫీసువాడు కాకపోతే ఇంకెవడు?”

డిటెక్టివ్ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. “ఆఫీసు నుంచి వచ్చిన పాత ఉత్తరం ఏదైనా దుకాణంలో ఉందా?”

ఉంది. దుకాణం చేరగానే, ఆ ఉత్తరం మీద అచ్చయిన నంబరుకి ఆమె చేతనే ఫోన్ చేయించాడు. అవతలి ఉద్యోగి ఓపికగా వెతికి, ఆమె మీద ఏ విచారణా లేదని చెప్పాడు. ఆమె బల్ల మీద తల వాల్చి ఏడ్చేసింది.

అదొక పొడుగాటి గది. రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, గోడ నిండా మేకులకు వేలాడే కాగితం నమూనాలు. కిటికీ దగ్గర ఆమె పెద్ద తోడికోడలు కూర్చుని కాలరు కుడుతోంది. దుకాణం ఆ ఇద్దరిదీ. పన్ను కాగితాలు నింపిపెట్టే పద్దులాయన ఏదో రసీదు కోసం వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“అమ్మయ్య, గండం గడిచింది!” అంది పెద్ద తోడికోడలు. కానీ ఆ మాటకు ముందు ఆమె చేతిలో సూది ఆగింది. మరిది భార్య వంక ఒక చూపు చూసింది. ఆ చూపు సహాయకురాలికి బాగా తెలుసు. అద్దంలో చాలాసార్లు చూసింది.

ఆ చూపు పట్టుకుని సహాయకురాలు నమూనాల గోడంతా గాలించింది. ఒక మేకు దగ్గర ఆగి, వెనక్కి వచ్చి డిటెక్టివ్ చెవిలో రెండు ముక్కలు చెప్పింది. ఆయన తలూపి, అందరినీ బల్ల చుట్టూ కూర్చోమన్నాడు.

“పన్ను ఆఫీసు అసలు ఫోనే చేయదని కాదు. చేయొచ్చు. కానీ మామూలుగా ముందు ఉత్తరం వస్తుంది. ఫోన్ పెట్టేసి మేమే ఆఫీసుకి చేసి కనుక్కుంటామంటే కాదనరు. ఇంట్లోవాళ్ళకి చెప్పొద్దనరు. కాబట్టి ఇది ఆఫీసు కాదు. పోనీ, దొంగా? అంత భయపెట్టి పైసా అడగకుండా వదిలేసే దొంగ ఎక్కడైనా ఉంటాడా? వాడికి కావలసింది డబ్బు కాదు. ఈమె సంతకం పెట్టకపోవడం.”

“నా వంక చూడకండి బాబూ!” అన్నాడు పద్దులాయన.

“మీరు కాదు లెండి. మీ దగ్గర తొమ్మిదంకెలూ ఉన్నాయి. ఆరు దగ్గర ఆగాల్సిన అవసరం మీకేంటి?”

డిటెక్టివ్ గోడ దగ్గరికి వెళ్ళి ఒక నమూనా తీశాడు. కాలరు ఆకారంలో కత్తిరించిన దళసరి కాగితం. దాని మీద అచ్చు గళ్ళు.

“మీరు నింపేటప్పుడు తప్పు పడితే ఇక్కడ పారేసిన పన్ను ఫారం ఇది. ఈ గదిలో దళసరి కాగితం కనబడితే కత్తెర ఊరుకోదు. కాలరు వంపు సరిగ్గా నంబరు మీదుగా వెళ్ళింది. ఆరంకెలు మిగిలాయి, మూడు పోయాయి. గోడ మీద కనబడగానే సంగతంతా తేలిపోయింది. ఇక్కడ కాలర్లు కోసేదెవరు?”

సహాయకురాలి పెన్సిలు ఆగింది. కనబడగానేనట. ఎవరికి కనబడిందో!

“నేనే,” అంది పెద్ద తోడికోడలు. “ఆ ఫోను మా తమ్ముడి చేత చేయించాను. దీనికి సూదిలో దారం ఎక్కించడం నేర్పింది నేను. ఆ నాటక కంపెనీ ఆయన రాజు వేషం కోటు పట్టుకుని, ఈ కాలరు కుట్టిన చేతికి దండం పెట్టాలన్నాడు. అది నా కాలరు. దండం ఇది పెట్టించుకుంది. ఓర్వలేకపోయాను.”

చిన్న తోడికోడలు టేపుని వేలికి చుట్టుకుంది.

“నీదని చెబుదామని నోటిదాకా వచ్చింది అక్కా. మింగేశాను. నీ కాలరు చూస్తే నాకెప్పుడూ కుళ్ళే. ఎన్ని కుట్టినా నాకా వంపు రాదు.”

గడియారం నాలుగుంపావు చూపిస్తోంది.

“ఆ కోటు తీసుకుని నాతో రా,” అంది చిన్నామె. “కాలరు ఎవరిదో నువ్వే చెబుదువుగాని.”

పెద్దామె కళ్ళు తుడుచుకుంది. “ఉండు, దాని గుండీ ఒకటి వదులుగా ఉంది. అలా ఎలా పట్టుకెళ్తాం?”

గుండీ కుట్టాక, చిన్నామె డిటెక్టివ్‌కి రెండు చేతులూ జోడించింది. “మీ కళ్ళు మామూలు కళ్ళు కావండీ. ఆ కాగితం ముక్కని ఎలా పట్టారు!”

ఆయన గొంతు సవరించుకుని ఛాతీ కాస్త విరిచాడు. ఆ వాలకం సహాయకురాలికి ఆరేళ్ళుగా కంఠతా వచ్చు. ఆమె నోటుబుక్కు మూసేసింది.

ఆయన చూపు ఒడిలో కోటు మడతపెట్టుకుంటున్న పెద్దామె మీద పడింది. విరిచిన ఛాతీ మెల్లగా మామూలైంది.

“అది నేను చూడలేదమ్మా,” అన్నాడు. “ఈ అమ్మాయి చూసింది. నా చెవిలో చెప్పింది.”

జోడించిన చేతులు ఇటు తిరిగాయి. సహాయకురాలు తల వంచుకుని, నోటుబుక్కు మళ్ళీ తెరిచి, ఆయన అన్న మాట అన్నట్టుగా తేదీతో సహా రాసుకుంది.