ఒక కండరం ఎక్కువ

"కాలికి ఏం కట్టారిది?" ముక్కు మూసుకుని అడిగింది డాక్టర్ బెగాయిమ్.

"గొర్రె కొవ్వు. మా అమ్మ వైద్యం" అన్నాడు బెక్తుర్. కరకోల్ హైస్కూల్లో జాగ్రఫీ మాస్టారు.

మడమ పైన కోడిగుడ్డంత ఉబ్బు. పక్కనే నిలబడ్డ తల్లి సబీరాకి దాని కారణం ఎప్పుడో తెలుసు.

"ఏడాది నిండినప్పుడు మా ఆచారం ప్రకారం వీడి కాళ్ళకి నలుపూ తెలుపూ తాడు కట్టాం. పరుగు పందెంలో గెలిచి దాన్ని కోసింది మా మరిది. కోసినవాళ్ళ నడకే కదా బిడ్డకొచ్చేది! ఆ మహానుభావుడు మూడు ఉద్యోగాలు సగంలో వదిలేశాడు. తాడూ సగమే కోసుంటాడు."

ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఏది చెడినా, టీవీతో సహా, మరిదే కారణం.

బెగాయిమ్ స్కాన్ చేసింది. "గడ్డ కాదు, తాడూ కాదు. కండరం. కొందరికి పుట్టుకతోనే పిక్క కింద ఒకటి అదనంగా ఉంటుంది. నొప్పి లేదుగా? అలా వదిలేయండి."

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

"రానక్కర్లేదు."

జబ్బు లేదంటే మొహం అంతలా వాడిపోయిన పేషెంటుని ఆమె చూడటం అదే మొదటిసారి.

సాయంత్రానికల్లా సబీరా తమ అపార్ట్‌మెంట్ ఐదంతస్తులకీ చెప్పేసింది, అందరికన్నా తన కొడుక్కి ఒక కండ ఎక్కువని. అయినా తాడు మళ్ళీ కట్టి, పందెం పెట్టి కోయించాల్సిందే. ముందుజాగ్రత్త.

గురువారం బెక్తుర్ రెండో కాలు చూపించడానికి వెళ్ళాడు.

"ఇందులో లేదు. ఇంకెన్ని కాళ్ళున్నాయి మీకు?"

"అయిపోయాయి. అందుకే సూటిగా అడుగుతున్నా. ఆదివారం మా అపార్ట్‌మెంట్ ముందు పందెం. పరిగెత్తడానికి వస్తారా?"

"నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు."

"నాకూ లేదు. మీ మీద ఉంది. మీరు రాకపోతే మళ్ళీ మా బాబాయే గెలుస్తాడు."

ఆమె నవ్వుని మానిటర్ వెనక దాచుకుంది. వస్తానని మాత్రం అనలేదు.

ఆదివారం సన్నటి వాన. ఇరవై ఏడేళ్ళ మాస్టారు కాళ్ళకి తాడుతో నిలబడి గేటు వైపే చూస్తున్నాడు. సబీరా "ఊఁ" అంది. ఏడుగురు పరుగందుకున్నారు. బాబాయి సగంలో ఆగి టీ అడిగాడు.

అప్పుడు గేటులోంచి దూసుకొచ్చింది బెగాయిమ్, హీల్స్ చేత్తో పట్టుకుని. అందర్నీ దాటి, సబీరా చేతిలోని కత్తి లాక్కుని, తాడు పోగు మిగలకుండా కోసింది.

"నమ్మకం లేదన్నారు?" అన్నాడు బెక్తుర్.

"ఇప్పటికీ లేదు" అంది ఆయాసపడుతూ. "కానీ మీ బాబాయి గెలిస్తే?"

సబీరా తన చెవి రింగులు తీసింది. అబ్బాయి తల్లి చేత్తో అవి అమ్మాయి చెవికి పడ్డాయంటే పెళ్ళి ఖాయమైనట్టే. బెగాయిమ్ తడిసిన జుట్టు వెనక్కి నెట్టి, చెవి చూపించింది.

"ఇక వీడిది నీ నడకే" అంది సబీరా రింగు పెడుతూ. "కాస్త మెల్లగా నడువమ్మా. మావాడికి ఒక కండ బరువెక్కువ."