రెండు కుళాయిల పీపా

"ఆ పీపా నాదండీ," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

పాత సామాన్ల కొట్టులో ఖాళీ నూనె పీపామీద చెయ్యి వేసిన ఝాన్సీలక్ష్మి తిరిగి చూసింది. ఈశ్వరప్రసాద్. వాళ్ల ఇంట్లోనే పక్క వాటాలో కొత్తగా అద్దెకు దిగిన కెమిస్ట్రీ లెక్చరర్. బందరు బావుల్లో ఉప్పునీళ్లని తెలియక టమాటా మొక్కలకు చేదలకొద్దీ పోసి, అవి మాడిపోతుంటే ఇంగ్లీషులో విసుక్కోవడం ఆమె గోడ ఇవతలినుంచి రోజూ వింటూనే ఉంది.

"మీ పేరు రాసుందా దానిమీద?"

"నిన్ననే చెప్పి వెళ్లాను."

"మీరు చెప్పి వెళ్లారు. నేను పట్టుకుపోదామని వచ్చాను. వానాకాలం వచ్చేస్తోంది, నా మల్లెలకు మంచినీళ్లు కావాలి."

"నా టమాటాలకు అక్కర్లేదా?"

కొట్టు యజమాని నాంచారయ్య విసుక్కున్నాడు. "ఇద్దరూ ఒకే కప్పు కింద ఉంటున్నారు కదా. పీపా గోడ దగ్గర పెట్టి చెరో కుళాయి బిగించుకోండి. నన్ను భోజనానికి వెళ్లనివ్వండి."

అలాగే చేశారు. పెరటిగోడ కూలినచోట ఇటుకలు పేర్చారు. నూనె కంపు పోయేదాకా ఝాన్సీ పీపాను బూడిదతో, కుంకుడు పులుసుతో తోమింది. ప్రసాద్ రేకును దోనెలా వంచి పెంకుల చూరుకింద కట్టాడు. అటొక కుళాయి, ఇటొక కుళాయి. దోమలు పడకుండా పైన పల్చని పెడన గుడ్డ.

"ఇటుకలు కదులుతున్నాయండీ," అంది ఝాన్సీ.

"ఎత్తులో ఉంటేనే ప్రెషర్ వస్తుంది. మీకు ఫిజిక్స్ రాదు."

"మీది కెమిస్ట్రీ కదూ?"

అతను నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఝాన్సీకి రోజూ గోడ దగ్గర ఏదో ఒక పని కనబడేది. అతనికీ కనబడేది.

వాన మాత్రం రాలేదు. గుడివాడ నుంచి పెళ్లిచూపుల కబురొచ్చింది.

"ఆదివారం వస్తున్నారట," అంది ఝాన్సీ.

ప్రసాద్ చేతిలో స్పానర్ ఆగిపోయింది. "మంచిదే," అన్నాడు.

"అంతేనా?"

అతను మళ్లీ కుళాయి బిగించడంలో పడ్డాడు. ఆమె విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం పెళ్లివారు కాఫీలు తాగుతుండగా ఆకాశం నల్లబడింది. ఉన్నట్టుండి పెంకులమీద దబదబా మొదలైంది. ఝాన్సీ ఆగలేకపోయింది. పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపి పెరట్లోకి పరుగెత్తింది. అవతలినుంచి ప్రసాద్ అప్పటికే వచ్చేశాడు.

దోనెలోంచి నీళ్లు ఉరుకుతూ పీపాలో పడుతున్నాయి. సగం, ముప్పాతిక, అంచుదాకా. ఇద్దరూ పిల్లల్లా నవ్వారు. అంతలో కింద ఇటుక జారి పీపా ఒరిగింది. చెరోవైపునుంచి దాన్ని గట్టిగా వాటేసుకున్నారు.

"వదలకండి," అన్నాడతను.

"మీరే వదిలేశారు. మంచిదే అన్నారుగా."

"భయపడ్డాను ఝాన్సీ. అద్దెకున్నవాడిని, ఏ మొహం పెట్టుకుని అడగను? నువ్వంటే నాకు ప్రాణం."

వానలో కూడా ఆమె చెంపలు వేడెక్కాయి.

వెనక అలికిడైంది. వసారాలో పెళ్లివారంతా నిలబడి చూస్తున్నారు. పెళ్లికొడుకు నాయనమ్మ లక్ష్మమ్మ నోటికి కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. "వెంకటరత్నంగారూ, మేం ఆలస్యంగా వచ్చినట్టున్నాం. మా వాడికి ఇంకో సంబంధం చూసుకుంటాంలెండి. ఈ పిల్లను అల్లరి పెట్టకండి."

ఝాన్సీ తండ్రి ముఖం ఎర్రబడింది. "ఏమమ్మా ఇదంతా?"

"నాన్నా, వదిలితే పీపా పడిపోతుంది," అంది ఝాన్సీ. పీపా మీదుగా ప్రసాద్ వైపు చూసింది. "ఈయన్ని మాత్రం నేను వదల్లేను."

వెంకటరత్నం కండువా తీసి భార్య నాగేశ్వరమ్మ చేతికిచ్చి, పంచె ఎగ్గట్టి వానలోకి దిగాడు. పీపాకు భుజం ఆనించాడు.

"ముందు ఆ ఇటుకలు సరిగ్గా పెట్టవయ్యా. తర్వాత మీ నాన్నగారి అడ్రసు ఇద్దువుగాని."